వంటింట్లో కాళ్ల కింద ఏం వేయాలి? బెంగళూరులో దొరికే మ్యాట్లు, చెప్పుల మీద సమీక్ష

దుకాణంలో కాలు పెట్టగానే ‘అబ్బ, ఎంత మెత్తగా ఉందో’ అనిపించిన మ్యాట్‌ని అక్కడే వదిలేసి రండి. వంటింట్లో కాళ్ల నొప్పులకని కొనేవాటిలో ఎక్కువ డబ్బు వృథా అయ్యేది ఈ మెత్తదనం దగ్గరే. పరుపు మీద పడుకోవడం వేరు, నిలబడటం వేరు. మెత్తటి స్పాంజి మీద ఒంటి బరువంతా పడితే మడమ దిగిపోయి అడుగునున్న టైల్‌ని తాకుతుంది. ఊగే పాదాన్ని నిలబెట్టడానికి చీలమండ చుట్టూ ఉన్న కండరాలు నిలబడినంతసేపూ పనిచేస్తూనే ఉంటాయి. అరికాలి నొప్పి తగ్గకపోగా పిక్కల్లోకి పాకుతుంది. కొద్దిగా దిగి, వెంటనే పాదాన్ని పైకి నెట్టే మ్యాట్ కావాలి మనకి.

మారతహళ్లి, బెళ్లందూరు, వైట్‌ఫీల్డ్ వైపు మన తెలుగువాళ్లు ఉండే ఫ్లాట్లలో వంటింటి నేల ఎక్కువగా విట్రిఫైడ్ టైలే. బసవనగుడి, మల్లేశ్వరం వైపు పాత ఇళ్లలో ఇంకా రెడ్ ఆక్సైడ్ నేల కనిపిస్తుంది. చూడటానికి హాయిగా ఉంటుంది కానీ దాని కిందా సిమెంటే, కాళ్లకి వచ్చే తేడా ఏమీ లేదు. అద్దె ఇంట్లో నేలనీ మార్చలేం, పొయ్యి గట్టునీ మార్చలేం. అందుకే ఈ సమీక్షలో మ్యాట్ల మీద ఎక్కువ, చెప్పుల మీద కొంత, గట్టు ఎత్తుతో వేగడం మీద కొంత రాస్తున్నాం.

ముందు నొప్పి ఎక్కడినుంచి వస్తుందో చూడాలి. నడిచేటప్పుడు పిక్క కండరం ముడుచుకుని, వదులవుతూ కాళ్లలోని రక్తాన్ని పైకి తోస్తుంది. కదలకుండా నిలబడితే ఆ తోపు ఆగిపోతుంది. రక్తం కిందే నిలుస్తుంది, పాదాలు బరువెక్కుతాయి, రాత్రికి చెప్పు బిగుతవుతుంది. మడమ కిందుండే కొవ్వు పొర మీద, మడమనుంచి వేళ్లదాకా సాగే గట్టి కణజాలం మీద ఒకేచోట ఒత్తిడి పడుతూనే ఉంటుంది. ఈ లెక్కన కాళ్లకి అన్నిటికంటే కష్టమైన వంట దోసెలు పోయడం. నలుగురికి తలా నాలుగంటే 16 దోసెలు. ఒక్కోదానికి రెండు మూడు నిమిషాలు వేసుకున్నా అరగంటనుంచి ముప్పావుగంట దాకా పెనం ముందునుంచి అడుగు కదలదు. ఇడ్లీ అలా కాదు, ఆవిరి పట్టే 10–12 నిమిషాలు ఎవరూ పొయ్యి దగ్గర నిలబడక్కర్లేదు. బిర్యానీకి శ్రమ ఎక్కువే అయినా అటూ ఇటూ తిరుగుతూ చేసే పని. పూరీలు, గారెలు, పండగనాటి జంతికలు, బొబ్బట్లు అన్నీ దోసెల జాతే. మ్యాట్ కొనకముందే చేయగలిగిన పని ఒకటుంది: రెండు బర్నర్ల మీద రెండు పెనాలు పెట్టండి. నిలబడే సమయం దాదాపు సగానికి వస్తుంది.

ఇక మ్యాట్లు.

పిల్లల గదుల్లో వేసే రంగురంగుల ఈవీఏ (తేలికపాటి ప్లాస్టిక్ ఫోమ్) పజిల్ ముక్కలు చాలామంది వంటింట్లోకి తెచ్చేస్తారు. చవక, కావలసినంత మేర అతికించుకోవచ్చు. వంటింటికి మాత్రం ఇవి పనికిరావు. ఈవీఏ ఫోమ్ ఒత్తిడికి అణిగాక పూర్తిగా లేవదు. రోజూ నిలబడేచోట కొన్ని నెలల్లో పాదాల అచ్చులు పడి, ఆ భాగం పలచనై గట్టిపడుతుంది. అంతకంటే పెద్ద తలనొప్పి అతుకులతో. చారు ఒలికినా, బియ్యం కడిగిన నీళ్లు పడినా సందుల్లోంచి కిందికి దిగుతాయి. పైన తుడిచి సరిపెట్టుకుంటే అడుగున జిడ్డు పేరుకుని వాసనొస్తుంది. ముక్కల అంచులు లేచి కాలికి తగులుతాయి కూడా.

కాఫీ కప్పుల బొమ్మలూ ఇంగ్లిష్ అక్షరాలూ అచ్చువేసి అమ్మే పలచటి పీవీసీ ఫోమ్ మ్యాట్లు ఆన్‌లైన్‌లో ఎక్కువ కనిపిస్తాయి. వీటిలో చాలావాటి మందం 10 మి.మీ. లోపే. పెట్టెమీద ‘యాంటీ ఫటీగ్’ (అలసట తగ్గించేది) అని రాసి ఉన్నా ఆ మందానికి చలికాలం పొద్దున టైల్ చల్లదనం కాలికి తగలకుండా ఆపగలవు, అంతే. (డిసెంబరు బెంగళూరులో అదీ తక్కువేం కాదు.) పీవీసీయే తీసుకోవాలనుకుంటే కనీసం 12 మి.మీ. ఉండాలి. వీటికున్న జబ్బు అంచులు పైకి చుట్టుకోవడం. చుట్టగా చుట్టి పంపిన మ్యాట్‌ని బోర్లా తిప్పి, నాలుగు మూలలా బరువులు పెట్టి ఒకటి రెండు రోజులు ఉంచితే సాధారణంగా సర్దుకుంటుంది. అప్పటికీ మూల లేచే ఉంటే తిప్పి పంపేయండి. ఇంట్లో పెద్దవాళ్లుంటే కాలు తట్టుకుని పడేది సరిగ్గా అక్కడే.

మా ఓటు పీయూకి, అంటే పాలీయురేథేన్ మ్యాట్‌కి. అయితే 18–20 మి.మీ. మందంతో, ఒకే ముక్కగా అచ్చుపోసినది కావాలి. ఫోమ్ మీద రెగ్జిన్ అతికించినది వద్దు. ఒకే ముక్కగా పోసినదానికి పై చర్మం, లోపలి ఫోమ్ కలిసే ఉంటాయి కాబట్టి పొర ఊడే అవకాశం తక్కువ. అతికించినది ఏడాది తిరక్కుండానే అంచుల దగ్గర నోరు తెరవవచ్చు. అచ్చుపోసినవాటికి అంచులు నేలదాకా ఏటవాలుగా దిగి ఉంటాయి. నిటారుగా కోసిన అంచున్న 20 మి.మీ. మ్యాట్ ఎంత మంచిదైనా వంటింట్లోకి తేకండి. వేడి గిన్నె పట్టుకుని తిరిగే చోటు అది. పీయూ ధర పలచటి పీవీసీ కంటే బాగా ఎక్కువే ఉంటుంది. ఆ తేడా పెట్టాల్సిందే. దీని బలహీనత గాటు. కత్తి జారిపడి పై చర్మం తెగితే నీళ్లు ఫోమ్‌లోకి దిగుతాయి, అక్కడినుంచి పొడిపొడిగా రాలడం మొదలవుతుంది. చిన్న గాటైతే వెంటనే ఆరబెట్టి, సైకిల్ ట్యూబుకి వేసే రబ్బరు సొల్యూషన్ పలచగా పూస్తే కొంతకాలం నెట్టుకురావచ్చు.

జెల్ మ్యాట్లు బాగుంటాయి కానీ ఆ ధరకి పీయూ కంటే ఎక్కువేం ఇవ్వవు. స్నానాల గది బయట వేసే మెమరీ ఫోమ్ మ్యాట్లనీ, మడతపెట్టిన బొంతల్నీ వంటింట్లోకి రానివ్వకండి. మెమరీ ఫోమ్ నెమ్మదిగా లేస్తుంది, నిలబడటానికి కావలసింది దానికి సరిగ్గా వ్యతిరేకం. బొంత జారుతుంది.

హోటళ్ల వంటశాలల్లో వేసే గుండ్రటి రంధ్రాల నల్ల రబ్బరు మ్యాట్ గురించి ప్రత్యేకంగా చెప్పాలి. పొయ్యి దగ్గరికి కాదు, యుటిలిటీలో, అంటే వంటింటిని ఆనుకుని ఉండే చిన్న వసారాలో, గిన్నెలు తోమే సింక్ ముందు వేయడానికి. ఇక్కడి ఫ్లాట్లలో ఆ మూల ఎప్పుడూ తడే. రంధ్రాల్లోంచి నీళ్లు కిందికి పోతాయి, కాలు పొడిగా ఉంటుంది, మ్యాట్ బరువుకి జారదు. కొనేటప్పుడు ఏ రబ్బరో అడగండి. మామూలు సహజ రబ్బరు నూనె తగిలితే ఉబ్బి మెత్తబడుతుంది, నైట్రైల్ రబ్బరు నూనెకి తట్టుకుంటుంది. తోమే గిన్నెలకి నూనె జిడ్డు ఉంటుంది కాబట్టి నైట్రైల్‌కి కొంచెం ఎక్కువ పెట్టినా నష్టం లేదు. పెద్ద సైజు తీసుకుంటే ఎత్తి కడగడానికి ఇద్దరు కావాలి, 2 అడుగులు × 3 అడుగులు చాలు.

అసలు మ్యాట్ వల్ల మీకు ఉపయోగం ఉంటుందో లేదో తెలుసుకోవాలంటే ఇంట్లో పాత యోగా మ్యాట్ ఉందేమో చూడండి. 6 మి.మీ. మ్యాట్‌ని మూడు మడతలు వేస్తే 18 మి.మీ. అవుతుంది. మడతలు జారకుండా కింద పలచటి రబ్బరు జాలీ పరచి ఒక వారం దోసెలు దాని మీదే పోయండి. సాయంత్రానికి మడమ తేలికపడితే మంచి మ్యాట్ కొనండి. తేడా ఏమీ లేకపోతే మీ ఇబ్బంది నేలతో కాకపోవచ్చు. గట్టు ఎత్తు చూసుకోవాలి, దాని సంగతి కింద ఉంది.

దుకాణంలో చూసే పద్ధతి ఇది. చెప్పులు విప్పి మ్యాట్‌ని గట్టి నేల మీద వేయించండి, అట్టల బొత్తి మీద కాదు. ఒంటికాలి మీద నిలబడి బరువంతా మడమ మీద వేయండి. అడుగున నేల గట్టిగా తగిలినట్టు అనిపిస్తే అది మీ బరువుకి చాలదు. తగలకపోయినా పాదం అటూ ఇటూ ఊగుతుంటే మరీ మెత్తన. దిగి, బొటనవేలితో గట్టిగా నొక్కి వదలండి, గుంట వెంటనే మాయమవ్వాలి. తర్వాత మ్యాట్‌ని కాలితో పక్కకి తోసి చూడండి, జారకూడదు. చివరగా కనీసం అయిదు నిమిషాలు దాని మీద నిలబడి బేరమాడండి, మొదటి అర నిమిషంలో అన్నీ బాగానే ఉంటాయి.

బెంగళూరులో ఇలా నిలబడి చూసి కొనాలంటే జేసీ రోడ్డు పరిసరాలు మంచివి. కార్ల సీటు కవర్లు, రెగ్జిన్, ఫ్లోర్ మ్యాట్లు అమ్మేవాళ్లు అక్కడ వరసగా ఉంటారు. రబ్బరు షీటు అడిగిన కొలతకి కోసి ఇచ్చేవాళ్లూ దొరుకుతారు. పాత పేట బజారులో చాలా దుకాణాల్లో తెలుగులో అడిగినా పని జరుగుతుంది. కోయించిన షీటుకి ఏటవాలు అంచు ఉండదని మాత్రం మరవకండి, అది గోడ వారకి పనికొస్తుంది కానీ నడిచే దారిలోకి కాదు. అచ్చుపోసిన పీయూ మ్యాట్లు ఆన్‌లైన్‌లోనే ఎక్కువ రకాలు దొరుకుతాయి. తిప్పి పంపే వీలుందో లేదో చూసి తెప్పించండి. మందం మి.మీ.లలో రాయకుండా ‘ఎక్స్‌ట్రా థిక్’ అని మాత్రమే రాసినదాన్ని దాటేయండి.

కొలత విషయంలో చాలామంది పొయ్యినుంచి సింక్ దాకా పొడవైన మ్యాట్ తీసుకుంటారు. మా సలహా 18 × 30 అంగుళాలది ఒక్కటి పొయ్యి ముందు, కావాలంటే ఇంకొకటి సింక్ ముందు. కదలకుండా నిలబడేది ఆ రెండు చోట్లే. పొడవైనది ఎత్తి తుడవడం బద్ధకమవుతుంది, తుడవని మ్యాట్ కింద దుమ్ము చేరి పట్టు పోతుంది. కొనేముందు గట్టు కింది అల్మారా తలుపులు తెరిచి, తలుపు అడుగుకీ నేలకీ మధ్య ఎంత ఖాళీ ఉందో స్కేలుతో కొలవండి. మాడ్యులర్ వంటిళ్లలో కింద 4 అంగుళాల స్కర్టింగ్ (అల్మారా అడుగు పట్టీ) ఉంటే 20 మి.మీ. మ్యాట్ అడ్డురాదు. పాత ఇళ్లలో తలుపులు నేలని రాసుకుంటూ తెరుచుకుంటాయి, అక్కడ మ్యాట్ రోజూ తీసి వేయాల్సి వస్తుంది, వారం తిరిగేసరికి మూలన పడుతుంది.

గ్యాస్ సిలిండర్ గట్టు కిందే ఉంటే మార్చే రోజు మ్యాట్ తీసేయమని ఇంట్లో అందరికీ చెప్పండి. 14.2 కిలోల గ్యాస్, సిలిండర్ సొంత బరువు కలిపితే 30 కిలోల దగ్గర. దాన్ని అంచు మీద దొర్లిస్తే కింది ఇనుప వలయం పీయూ చర్మాన్ని ఒక్కసారికే కోసేస్తుంది. దించిన కుక్కర్‌ని ‘ఒక్క నిమిషమే కదా’ అని మ్యాట్ మీద పెట్టడం ఇంకో ముప్పు. కుక్కర్ అడుగు మచ్చ ఇక పోదు.

శుభ్రానికి గోరువెచ్చటి నీళ్లు, గిన్నెలు తోమే సబ్బు చుక్కలు చాలు. యాసిడ్, ఫినాయిల్, కిరోసిన్ వద్దు. కిరోసిన్ రబ్బరుని ఉబ్బిస్తుంది. వారానికోసారి మ్యాట్ అడుగుభాగాన్నీ తడిగుడ్డతో తుడిచి, నేల పూర్తిగా ఆరాకే పరచండి. జారని మ్యాట్ అని కొన్నది జారుతోందంటే చాలావరకు కారణం అడుగున పట్టిన పిండి, దుమ్మే. పసుపు మరక లేత రంగు మ్యాట్ మీద పడితే వంటసోడా ముద్ద పూసి కడిగి, పొద్దుటి ఎండలో కాసేపు ఉంచండి, పసుపు రంగు ఎండకి వెలుస్తుంది. మధ్యాహ్నం దాకా వదిలేస్తే మ్యాటే పాడవవచ్చు. ముదురు రంగు కొంటే ఈ గొడవే లేదు.

చెప్పుల మాటకొద్దాం. ‘వంటింట్లో చెప్పులేంటి’ అనే ఇళ్లు మనలో చాలా ఉన్నాయి. దేవుడి అర వంటింట్లోనే ఉంటే ఆ మాటకి ఎదురుండదు. అలాంటి ఇంట్లో డబ్బంతా మ్యాట్ మీదే పెట్టండి. అభ్యంతరం లేనివాళ్లు వంటింటి గడప దాటని జత ఒకటి విడిగా పెట్టుకోవచ్చు. మ్యాట్ ఒకచోటే ఉంటుంది, చెప్పు మనతో తిరుగుతుంది. ఆ సుఖం మ్యాట్‌కి లేదు.

మామూలు హవాయి చెప్పు ఇందుకు చాలదు. అట్ట పలచన, పైగా జారిపోకుండా వేళ్లతో పట్టుకుని ఉండాలి కాబట్టి అరికాలు ఎప్పుడూ బిగిసే ఉంటుంది. మడమ వెనక పట్టీ ఉండాలి. మడమ కూర్చునే చోట చిన్న గుంట ఉండాలి. రెండు చేతులతో చెప్పుని పట్టుకుని వంచితే వేళ్ల దగ్గర వంగాలి, నడుమ మడతపడిందంటే పక్కన పెట్టేయండి. క్రాక్స్ తరహా ఈవీఏ చెప్పులు తేలిక, కడగడం సులువు. కానీ ఈవీఏ గుణం చెప్పుకున్నాం కదా, వాడేకొద్దీ మడమ కింద అణిగిపోతుంది. వేలితో నొక్కి మడమ భాగాన్ని, వాడకం తగలని అంచునీ పోల్చి చూడండి, మడమ దగ్గర గట్టిపడి ఉంటే మార్చే సమయం వచ్చినట్టే. కింద గీతలు అరిగిన జత తడి టైల్ మీద ప్రమాదం. పాదాలు సాయంత్రానికి కొంచెం ఉబ్బుతాయి కాబట్టి కొలత ఆ వేళే చూసుకోవాలి.

మధుమేహం ఉన్నవాళ్లు ఇంట్లో కూడా ఒట్టికాళ్లతో తిరగకూడదు. స్పర్శ తగ్గిన పాదానికి వేడి నూనె చుక్క పడినా, గాజుపెంకు గుచ్చుకున్నా తెలియదు. వాళ్లకి ఎంసీఆర్ చెప్పులు, అంటే సన్నటి గాలి గదులున్న మైక్రోసెల్యులర్ రబ్బరు అట్టవి. స్పర్శ పోయిన పాదాలకి మన దేశంలో డాక్టర్లు చాలాకాలంగా రాస్తున్నవి ఇవే. పై పొర ఎంసీఆర్, అడుగున గట్టి రబ్బరు ఉన్నదే తీసుకోండి. మొత్తం ఎంసీఆరే అయితే త్వరగా అరిగిపోతుంది, పదునైనది ఏదైనా దిగిపోతుంది కూడా. ఎంసీఆర్ మెత్తనే కదా, మ్యాట్ మెత్తగా వద్దన్నారేం అని అడగవచ్చు. ఇక్కడ మెత్తటి పొర పలచన, కింద గట్టి అట్ట ఉంటుంది, మడమ చుట్టూ పట్టీ ఉంటుంది. పాదం ఊగదు. ముళ్లలా బుడిపెలున్న ఆక్యుప్రెషర్ చెప్పులు మధుమేహం ఉన్నవాళ్లకి అస్సలు వద్దు. మిగతావాళ్లకీ గంటసేపు నిలబడే పనికి అవి తగవు.

ఇప్పుడు గట్టు. ఇక్కడి ఫ్లాట్లలో గట్టు 32–34 అంగుళాలు, అంటే 81–86 సెం.మీ. ఉంటుంది. కూరలు తరగడం వంటి పనికి మోచేతి కంటే 10–15 సెం.మీ. కింద గట్టు ఉంటే సుఖం. మోచేయి సుమారుగా మనిషి ఎత్తులో 63 శాతం దగ్గర ఉంటుంది. 5 అడుగుల మనిషికి మోచేయి 96 సెం.మీ., 86 గట్టు సరిపోయినట్టే. కానీ గట్టు మీద స్టవ్ 10–12 సెం.మీ., దాని మీద లోతు గిన్నె ఇంకో 10–15. పప్పు ఎనపాలన్నా, పులిహోర పులుసు తిప్పాలన్నా చెయ్యి మోచేతిని దాటి పైకి లేస్తుంది, తెలియకుండానే మునివేళ్ల మీద నిలబడతారు. పాదం ముందుభాగం నొప్పి అని పొట్టివాళ్లు చెప్పేది చాలాసార్లు దీనివల్లే. వీళ్లకి 20 మి.మీ. మ్యాట్ రెండు విధాల లాభం, మెత్తదనంతోపాటు 2 సెం.మీ. ఎత్తు కూడా ఇస్తుంది. లోతు తక్కువ బాండీ, పొడుగు కాడ గరిటె వాడితే ఇంకొంచెం కలిసొస్తుంది.

5 అడుగుల 9 అంగుళాల మనిషికి లెక్క తిరగబడుతుంది. మోచేయి 110 సెం.మీ. దగ్గర, గట్టు చాలా కింద, మ్యాట్ దాన్ని ఇంకా 2 సెం.మీ. దించుతుంది. ఇలాంటివాళ్లు తరిగే పలకని ఎత్తు స్టాండు మీద పెట్టుకోవాలి. సింక్ దగ్గర పరిస్థితి ఇంకా ఘోరం. తొట్టి లోతు 8–9 అంగుళాలు, గిన్నెలు దాని అడుగున. తొట్టిలో ఒక బేసిన్ బోర్లించి దాని మీద తోమితే నడుము వంపు తగ్గుతుంది, బరువు మడమల మీద సమంగా పడుతుంది. ఎత్తు తేడా స్వయంగా తెలుసుకోవాలంటే నాగసంద్ర మెట్రో దగ్గరి ఐకియాలో అమర్చిపెట్టిన వంటగదుల ముందు నిలబడి చూడండి.

ఒక పని దాదాపు ఖర్చు లేకుండా అయ్యేది: పీట. నాలుగైదు అంగుళాల ఎత్తు చెక్కపీటని గట్టు కింద వారగా పెట్టి, ఒక కాలు దాని మీద ఉంచి, నాలుగైదు నిమిషాలకోసారి కాలు మార్చండి. నడుము కూడా సుఖపడుతుంది. దారికి అడ్డంగా కాక, గోడ వైపే ఉంచాలి. కుక్కర్ విజిల్ కోసం ఆగే సమయంలో గట్టు పట్టుకుని మడమలు 15–20 సార్లు లేపి దించితే పిక్కల తోపు మళ్లీ మొదలవుతుంది. తరిగే పని కూర్చునే చేయండి, కత్తిపీట ముందు కూర్చోలేని మోకాళ్లయితే భోజనాల బల్ల దగ్గర. ఎత్తు స్టూలు కొనాలనుకునేవాళ్లు ఒకటి గమనించాలి: గ్రానైట్ గట్టు కింద మోకాళ్లు పట్టే ఖాళీ లేకపోతే పక్కకి తిరిగి కూర్చోవాలి, నడుము మెలిపడుతుంది. ఖాళీ ఉంటే మాత్రం గట్టు కంటే 10–12 అంగుళాలు తక్కువ ఎత్తుది తీసుకోండి.

పొద్దున మంచం దిగి వేసే మొదటి అడుగుల్లో మడమ పొడిచినట్టు ఉండి, కాస్త నడిచాక తగ్గుతుంటే అది అరికాలి కణజాలం వాపు కావచ్చు. మ్యాట్ సాయం చేస్తుంది కానీ అదొక్కటే సరిపోదు, డాక్టర్‌కి చూపించి పిక్క, అరికాలు సాగదీసే వ్యాయామాలు నేర్చుకోవాలి. ఒక కాలు మాత్రమే వాచి నొప్పి, వేడి ఉంటే మ్యాట్ల సంగతి తర్వాత, అదే రోజు ఆసుపత్రికి వెళ్లండి.